ఇంటి కంప్యూటరునకు యజమాని యెవరు?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను సాఫ్టువేరునకు మైక్రోసాఫ్టు కంపెనీవారు సాధారణ పోషణమును చాలించిరి. ఆ వార్త మన యిండ్లలో పెద్ద సంచలనమును కలిగింపలేదు. మరునాటి యుదయమున యంత్రములు యథాప్రకారము వెలిగినవి. పిల్లలు పాఠములు చదువుకొనిరి. వర్తకులు లెక్కలు వ్రాసికొనిరి. విదేశములందున్న బిడ్డలతో తల్లిదండ్రులు ముఖాముఖి మాటలాడిరి. ఏమియు జరుగలేదని పలువురు తలంచిరి. కాని జరిగినది స్వల్పము కాదు. పదియేండ్లు వాకిట కావలి కాచినవాడు ముందుగా నోటీసిచ్చియే కొలువు విడిచినాడు. తలుపున్నది, తాళమున్నది, తాళము చెడినపుడు వచ్చి సరిచేయువాడు మాత్రము లేడు.

ఈ మార్పునకు ఏమి చేయవలెనని ఇండ్లలో కంప్యూటరు వాడువారు ఒకరినొకరు అడుగుకొనుచున్నారు. ఆ ప్రశ్నతోపాటు నిత్యము వినబడు ప్రశ్నలు మరికొన్ని కలవు. యంత్రము నెమ్మదించినది, క్రొత్తది కొనవలెనా? పొరపాటున తుడిచివేసిన ఫైలు మరల దొరకునా? పంపిన తెలుగు ఉత్తరము అవతలివారికి అర్థములేని గీతలుగా కనబడుచున్నదేల? అప్‌డేటు చేయుమని యంత్రము కోరుచున్నది, చేయవచ్చునా, కూడదా? ఇవి చిల్లర ప్రశ్నలని విద్యావంతులు కొందరు నవ్వుదురు. మేమట్లు నవ్వజాలము. ఈ ప్రశ్నలన్నిటికిని మూలము ఒక్కటే: సొమ్ము పెట్టి కొన్న యంత్రముపై కొన్నవానికి అధికారము ఎంతవరకు కలదు? ఆ యధికారము నిలుపుకొనుటకు వలసిన జ్ఞానము అతనికి కలదా? ఈ జ్ఞానము లేనివాడు మంచి యంత్రమును పారవేయును, లేదా తలుపు తెరచియుంచి నిద్రించును, లేదా తాళపుచెవులు పరాయివాని చేతికిచ్చును. మూడును నష్టములే.

కొన్నదేది, కౌలుకు తెచ్చినదేది?

పొలమున్న వారికి పట్టాకును కౌలునకును గల భేదము వేరుగా చెప్పవలసిన పని లేదు. కౌలు పత్రమున గడువెంత, శిస్తెంత, ఏ పైరు వేయవచ్చును, ఎప్పుడు ఖాళీ చేయవలెను అను సంగతులను చదువకుండ వ్రేలిముద్ర వేయువాడుండడు. కంప్యూటరు విషయమున మాత్రము మనవారందరును అట్లే చేయుచున్నారు. దుకాణమున కొన్నది ఇనుము, గాజు, తీగెలు; అవి మన సొంతము. వానిని నడపు సాఫ్టువేరు మనకు అమ్మబడలేదు. కొన్ని షరతులపై వాడుకొనుటకు అనుమతి మాత్రము ఈయబడినది. ఆ షరతులు తెరపై కనబడినపుడు చదువక "అంగీకరించితిని" అనుచోట నొక్కి ముందునకు పోవుచున్నాము.

విండోస్ 10 వెలువడినది 2015 జూలై 29వ తేదీన. దానికి పదియేండ్లు పోషణము కలదని కంపెనీవారు మొదటినుండియు ప్రకటించియే యున్నారు. కావున గడువు తీరుట అన్యాయమని మేమనము. అయితే గడువు తీరిన పిమ్మట ఏమగునో తెలిసికొనుట అవసరము. యంత్రము ఆగదు, ఫైళ్లు పోవు. అయితే ఆ సాఫ్టువేరునందు క్రొత్తగా కనుగొనబడు లోపములను పూడ్చు మరమ్మతు సాధారణముగా రాదు. దొంగలకు లోపములు తెలియుచునే యుండును. యజమానికి మరమ్మతు మాత్రము అందదు.

దీనికి నిదర్శనము దూరమున వెదకనక్కర లేదు. విండోస్ ఎక్స్‌పీ అను పూర్వపు సాఫ్టువేరునకు 2014 ఏప్రిలు 8వ తేదీన పోషణము ముగిసినది. మూడేండ్లు గడచిన వెనుక, 2017 మే 12వ తేదీన, వన్నాక్రై అను దుష్టసాఫ్టువేరు లోకముపై బడి, ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు సొమ్ము కోరినది. నూటయేబదికి పైగా దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లు దాని వాతబడినవి. ఇంగ్లండునందలి ఆసుపత్రులలో చికిత్సలు నిలిచినవి. మన ఆంధ్రప్రదేశమున కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు సైతము చిక్కుకొన్నవి. ఆ లోపమునకు మరమ్మతు అదే సంవత్సరము మార్చి నెలలోనే కంపెనీవారు విడుదల చేసియుండిరి. పోషణము తీరిన ఎక్స్‌పీకి అది అప్పుడు అందలేదు. దాడి జరిగిన తరువాతనే ప్రత్యేకముగా ఇచ్చిరి. కాని నష్టపడిన వారిలో అత్యధికులు ఎక్స్‌పీ వారు కారు; పోషణము ఇంకను కలిగియుండి, మార్చిలో వచ్చిన మరమ్మతును రెండు నెలలు వేసికొనక జాగుచేసిన విండోస్ 7 వారు. గడువు తీరుట యొక ప్రమాదము. గడువు మిగిలియుండగనే అశ్రద్ధ చేయుట అంతకు మించిన ప్రమాదము. ఈ రెండవ పాఠమును మనము గుర్తుంచుకొనవలెను.

అప్‌డేటు వలన యంత్రము చెడునను భయము కూడ నిరాధారము కాదు. 2024 జూలై 19వ తేదీన ఒక భద్రతా సంస్థవారి అప్‌డేటులోని తప్పువలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు ఒక్కసారి మూలబడినవి, విమానములు నిలిచినవి, మన విమానాశ్రయములలో ప్రయాణికులకు చేతివ్రాతతో చీటీలిచ్చిరి. అది సంస్థలు వాడు సాఫ్టువేరు, ఇండ్లకు తగులలేదు. అయినను భయపడువారికి మధ్యేమార్గము కలదు. అప్‌డేటును కొన్నాళ్లు వాయిదావేయు వీలు విండోసులోనే యున్నది. వారము దినములు ఆగి, ఇతరుల అనుభవము విని, పిమ్మట వేసికొనుట వివేకము. శాశ్వతముగా ఆపివేయుట మాత్రము వివేకము కాదు. కలుపుతీతకు కూలి తప్పుచేసెనని పొలమును బీడు పెట్టినట్లగును.

ముందున్న దారులు

విండోస్ 10 కలవారికి మొదటి దారి, గడువు పొడిగించుకొనుట. ఇంటి వాడుకరులకు 2026 అక్టోబరు 13వ తేదీ వరకు భద్రతాపు మరమ్మతులు ఇచ్చుటకు కంపెనీవారు ఒక యేర్పాటు ప్రకటించిరి. దానికి మూడు మార్గములు చూపిరి: యంత్రపు అమరికలను కంపెనీ ఖాతాకు జతపరచినచో సొమ్ము లేదు, కంపెనీవారి బహుమాన పాయింట్లు వేయి సమర్పించినను సరిపోవును, లేదా 30 డాలర్లు చెల్లింపవలెను. ఒక ఖాతాపై పది యంత్రముల వరకు ఈ సదుపాయము చెల్లును. ఇంటిలో రెండు మూడు యంత్రములున్న వారు ఒక్కొక్కదానికి వేరుగా సొమ్ము కట్టనక్కర లేదని తెలిసికొందురు గాక.

ఇచట నొక విశేషము కలదు. ఐరోపా ఆర్థిక మండలమునందలి వాడుకరులకు ఈ పొడిగింపు అమరికల జతపరచు షరతు లేకయే, సొమ్ము లేకయే లభించినది. అప్పుడప్పుడు ఖాతాలో ప్రవేశించుచుండిన చాలును. వారిపై కంపెనీకి ప్రత్యేక వాత్సల్యమేమియు లేదు. అచటి వినియోగదారుల సంఘములు చట్టమును చూపి నిలదీసినవి; కంపెనీ 2025 సెప్టెంబరులో దిగివచ్చినది. అదే సాఫ్టువేరు, అదే లోపములు, అదే మరమ్మతు. కూడి అడిగినవారికొక ధర్మము, ఊరకున్నవారికొక ధర్మము. మన దేశమున వినియోగదారుల రక్షణ చట్టము 2019లో నూతనముగా చేయబడినది. చట్టమున్నది, అడుగువారు లేరు. ఇంటింట విడివిడిగా "ఏమి చేయుదుము" అని చింతించుటకంటె నలుగురు కూడి అడుగుట ఫలప్రదమని యీ యుదంతమే బోధించుచున్నది.

రెండవ దారి, విండోస్ 11నకు మారుట. అర్హత గల యంత్రమునకు ఇది ఉచితము. కాని అర్హత చిక్కు. టీపీఎం 2.0 అను భద్రతాపు భాగము కావలెను. సెక్యూర్ బూట్ అను సదుపాయముండవలెను. కనీసము 4 జీబీ ర్యాము, 64 జీబీ చోటు ఉండవలెను. ప్రాసెసరు ఇంటెల్ వారిదైనచో సామాన్యముగా ఎనిమిదవ తరమునకు తగ్గరాదు. 2017కు ముందు కొన్న యంత్రములలో పెక్కు ఈ పరీక్షయందు నిలువవు. కాని "నీ యంత్రము పనికిరాదు" అని దుకాణదారుడు చెప్పినంతనే నమ్మనక్కర లేదు. పీసీ హెల్త్ చెక్ అను చిన్న సాఫ్టువేరును కంపెనీవారే ఉచితముగ నిచ్చుచున్నారు. దానిని నడిపిన ఏ భాగము చాలదో అదియే చెప్పును. పెక్కు యంత్రములలో టీపీఎం ఉండియు మూసియుంచబడును. తెలిసినవారిచే బయాసు అమరికలలో దానిని తెరిపించిన చాలును. అర్హత లేని యంత్రమున అడ్డుదారిని విండోస్ 11 ఎక్కించెదమని చెప్పువారున్నారు. అట్టి యంత్రమునకు ఇకముందు అప్‌డేట్లు తప్పక వచ్చునను భరోసా కంపెనీ ఇయ్యదు. భద్రతకొరకు మారి, భద్రతకే భరోసా లేకుండ చేసికొనుట యేమి లాభము?

మూడవ దారి, లినక్సు. ఇది ఎవరి కౌలును కాదు. మూలగ్రంథము లోకమునకు తెరచియుంచబడినది. ఎవడైనను వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఉబుంటు, లినక్సు మింటు మొదలగునవి పాత యంత్రములపై సైతము నడచును. యంత్రమునందలి దేనిని తుడువకుండ పెన్‌డ్రైవు నుండియే నడిపి చూచు వీలు కలదు, నచ్చినపిమ్మటనే ఎక్కించుకొనవచ్చును. ఉత్తరములకు, లెక్కపట్టికలకు లిబ్రె ఆఫీసు అను ఉచిత సాఫ్టువేరు 2010 నుండి వ్యాప్తిలో నున్నది. అది విండోసుపై కూడ పనిచేయును. పొరుగున కేరళమునందు ప్రభుత్వ పాఠశాలల పిల్లలు స్వేచ్ఛా సాఫ్టువేరుపైననే కంప్యూటరు నేర్చుచున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు చిరకాలముగా కృషి చేయుచున్నారు. అయితే నిజము దాచరాదు. కొన్ని వ్యాపారపు లెక్కల సాఫ్టువేర్లు, డిజిటల్ సంతకపు పరికరములు కొన్ని, ప్రింటర్లు కొన్ని దీనిపై సరిగా నడువవు. ఆడిటరుతో పనియున్న వర్తకుడు ముందు విచారించి మారవలెను. చదువునకు, ఉత్తరములకు, సినిమాలకు, బిడ్డలతో సంభాషణకు మాత్రమే యంత్రము వాడు గృహస్థునకు ఈ దారి మిక్కిలి అనుకూలము.

ఈ మూడింటిలో ఏదియు చేయక, పాత యంత్రముననే బ్యాంకు పనులు సాగించుట నాలుగవ దారి. దీనిని మాత్రము మేము ఎవరికిని సలహా యీయము. అన్నిటిని వదలుకొన్నవారు కనీసము ఆ యంత్రమును ఇంటర్నెట్టు నుండి తొలగించి వ్రాతపనికి మాత్రమే వాడుకొందురు గాక.

నిత్యమును వినబడు ప్రశ్నలు

"యంత్రము నెమ్మదించినది" అనునది అన్నిటికంటె తరచైన ఫిర్యాదు. నెమ్మదించుటకు వార్ధక్యమొకటే కారణము కాదు. యంత్రము వెలిగినంతనే పిలువని పేరంటమునకు వచ్చినట్లు పది సాఫ్టువేర్లు తమంతట తామే లేచి కూర్చుండును. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కిన టాస్కు మేనేజరు తెరచుకొనును. అందు స్టార్టప్ అను పుటలో అక్కరలేనివానిని ఆపవచ్చును. డిస్కు అంచువరకు నిండినను యంత్రము ఈడ్చును; దిగుబడి చేసికొన్న పాత ఫైళ్లు, చూచివిడిచిన సినిమాలు తీసివేయవలెను. ఇంకను నెమ్మదిగ నున్న, లోపల తిరుగుడు హార్డుడిస్కు ఉన్నదేమో చూడవలెను. దానికి మారుగా ఎస్.ఎస్.డి. వేయించినయెడల పాత యంత్రమే క్రొత్తదివలె లేచును. క్రొత్త యంత్రపు వెలతో పోల్చిన నీ ఖర్చు స్వల్పము. కాడెద్దుకు దాణా మార్పక, ఎద్దునే సంతకు తోలుట రైతు లక్షణము కాదు.

రెండవ ప్రశ్న, పోయిన ఫైళ్లను గూర్చినది. వ్రాతలో తప్పు జరిగిన వెంటనే కంట్రోలుతో జెడ్ నొక్కిన వెనుకకు మరలును. తుడిచినది చెత్తబుట్టలో నుండును. అచటినుండి తిరిగి తెచ్చుకొనవచ్చును. షిఫ్టు పట్టి తుడిచినదియు, పెన్‌డ్రైవుపై తుడిచినదియు సామాన్యముగా ఆ బుట్టలోనికి రాదు. ఇంతకు మించిన మెలిక మరియొకటి కలదు. ఇప్పటి విండోసు మన ఫైళ్లను వన్‌డ్రైవు అను దూరపు భాండాగారముతో జతపరచుటకు పదేపదే ప్రోత్సహించును. అచట ఉచితముగా లభించు చోటు 5 జీబీ మాత్రమే. అది నిండినదని హెచ్చరిక వచ్చినపుడు, అచటివి నకళ్లని తలంచి పలువురు తుడిచివేయుదురు. జతపరచిన ఫైలును అచట తుడిచిన ఇచటను పోవును. జత వేరు, నకలు వేరు. ఈ భేదము తెలియక పెండ్లి ఫోటోలు, పిల్లల చదువుల పత్రములు పోగొట్టుకొనుట విచారకరము.

కావున నకలు అనగా యంత్రముతో సంబంధము తెంచి, వేరొకచోట భద్రపరచినదే. ముఖ్యమైన ఫైలునకు మూడు ప్రతులుండవలెనని, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెనని, ఒకటి ఇంటి వెలుపల నుండవలెనని నిపుణులు చెప్పుదురు. బయటి హార్డుడిస్కు నొకదానిని కొని, నెలకొకసారి నకలు తీసి, తీగె విప్పి బీరువాలో పెట్టినవానికి వన్నాక్రై వంటిది వచ్చినను నిద్ర చెడదు. మీభూమి, భూభారతి మొదలగు ప్రభుత్వ సాధనముల నుండి తీసికొన్న అడంగలు, పహాణీ నకళ్లు, అమ్మకపు దస్తావేజుల ఫోటోలు నేడు పెక్కు ఇండ్లలో కంప్యూటరులోనే పడియున్నవి. వెనుకటి తరమువారు దస్తావేజులను ఇనుపపెట్టెలో పెట్టి తాళమువేసిరి. ఆ శ్రద్ధలో సగమైనను ఈ ఫైళ్లపై చూపవలదా?

తాళముల మాట వచ్చినది గనుక మరియొక హెచ్చరిక. క్రొత్త విండోస్ 11 యంత్రములలో కంపెనీ ఖాతాతో ప్రవేశించినపుడు డిస్కునకు తాళము తనంతట పడుచున్నది. ఇది మేలే, యంత్రము దొంగిలింపబడినను లోపలి ఫైళ్లు దొంగకు దక్కవు. కాని మరమ్మతు సమయమున యంత్రము 48 అంకెల తాళపుచెవిని అడుగవచ్చును. అది ఆ ఖాతాలో భద్రమై యుండును. దుకాణమువాడు తన ఖాతాతోనే యంత్రమును సిద్ధపరచి యిచ్చినయెడల తాళపుచెవి వాని ఖాతాలో నుండిపోవును. యంత్రము కొన్న దినముననే తన సొంత ఖాతాతో ప్రవేశించి, ఆ 48 అంకెలను కాగితముపై వ్రాసి బీరువాలో దాచుట ప్రతి గృహస్థునకు కర్తవ్యము.

మూడవది తెలుగు ప్రశ్న. ఇది మనకు అత్యంత సన్నిహితము. అచ్చుపనికొరకు ఏర్పడిన అను మొదలగు పాత ఫాంట్లలో తెలుగక్షరములకు అంతర్జాతీయముగా నిర్ణయింపబడిన సంఖ్యలు లేవు. ఆంగ్లాక్షరపు సంఖ్యకే తెలుగు రూపము తొడిగిరి. అవతలివాని యంత్రమున ఆ ఫాంటు లేనిచో వేషము తొలగి అర్థములేని ఆంగ్లపు గుర్తులు బయటపడును. యూనికోడు పద్ధతిలో ప్రతి తెలుగక్షరమునకును తనదైన సంఖ్య కలదు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. యూనికోడులో వ్రాసినది ఏ దేశమునకు పంపినను తెలుగుగానే కనబడును, వెదకిన దొరకును, యంత్రము చదివి వినిపింపను గలదు. దీనికి సొమ్మక్కర లేదు. విండోసులో భాషల అమరికయందు తెలుగును చేర్చుకొని, విండోస్ మీటతో స్పేసును నొక్కిన మీటలపలక తెలుగునకు మారును. ఆంగ్లాక్షరముల ఉచ్చారణనుబట్టి తెలుగు వ్రాయు ఫొనెటిక్ పలక 2019 మే అప్‌డేటు నుండి విండోస్ 10లోనే కలదు. ఇంత సదుపాయముండగా తెలుగువారు తమలో తాము ఆంగ్లలిపిలో తెలుగు వ్రాసికొనుట శోచనీయము.

నాల్గవది ప్రశ్న కాదు, ఉపద్రవము. కంప్యూటరు చెడినదని తెరపై పెద్ద యక్షరములతో హెచ్చరిక వచ్చును. దానితో ఒక ఫోను నంబరు కనబడును. లేదా పోలీసులమనియు, కస్టమ్సు వారమనియు వీడియోలో దొర వేషమున ఒకడు ప్రత్యక్షమై "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి" అని గర్జించును. భారత ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27వ తేదీ రేడియో ప్రసంగములో, అట్టి అరెస్టు చట్టమున లేదని స్పష్టముగ చెప్పిరి. అయినను చదువుకొన్నవారే, వృద్ధులైన ఉద్యోగులే, పొలములమ్మిన సొమ్ము బ్యాంకులో నున్నవారే వీరి పాలబడుచున్నారు. నియమము చిన్నది: నిజమైన కంపెనీ హెచ్చరికలో ఫోను నంబరుండదు, పిలువకుండ ఫోను చేసి యంత్రమును సరిచేసెదమనువాడు దొంగ, వాడు చెప్పిన సాఫ్టువేరు ఎక్కించుట ఇంటి తాళపుచెవి ఇచ్చుటయే. మోసము జరిగినయెడల సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును.

సమాధానము దొరకు చోటేది?

ఈ సంగతులలో ఏదియు గొప్ప శాస్త్రము కాదు. అయినను ఇవి మన యిండ్లకు చేరుటలేదు. కారణము రెండు. సహాయపు పుటలు అధికముగా ఆంగ్లమున నున్నవి. తెలుగున నున్నవి పెక్కు యంత్రానువాదములై తెలుగువానికే తెలియకున్నవి. ఇక నడుగదగినవారెవరు? అమెరికాలోనున్న కుమారుడు, హైదరాబాదులోనున్న మేనల్లుడు, వీధిచివరి దుకాణము. కుమారునకు తీరిక లేదు. మేనల్లుడు తొందరలో తానే నొక్కి సరిచేయునుగాని నేర్పడు. దుకాణమునకు యంత్రము చెడుటయే లాభము. వారిని మేము నిందించుట లేదు. ఒకరి దయపై నడచు జ్ఞానము జ్ఞానము కాదని మాత్రము చెప్పుచున్నాము.

తెలుగుదేశమునకు ఇట్టి కొరతను తీర్చుకొన్న చరిత్ర కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో విజయవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఊరూర గ్రంథాలయములను నెలకొల్పుటకు పాటుపడిరి. చదువురానివారికి చదివి వినిపించుటయు, పత్రికలోని వార్తను విడమరచి చెప్పుటయు ఆ యుద్యమమున భాగములు. నేటికిని పట్టణవాసి తన యింటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను చెల్లించుచునే యున్నాడు. ఆ సొమ్ముపై అతనికి అడుగు హక్కు కలదు. ప్రతి శాఖా గ్రంథాలయమునందును వారమున కొక సాయంకాలము కంప్యూటరు ప్రశ్నలకు కేటాయించినయెడల, ఊరిలోని కళాశాల విద్యార్థి యొకడు గంటసేపు కూర్చుండిన చాలును. నకలు తీయుట, తెలుగు వ్రాయుట, అప్‌డేటు చూచుకొనుట, మోసగానిని గుర్తించుట, ఈ నాలుగు నేర్పిన ఊరికి ఎంత రక్షణ! ఒకనికి చెప్పిన సమాధానము ఒక పుస్తకమున వ్రాసియుంచిన, అది పదిమందికి పనికివచ్చును. కొన్నియేండ్లలో తెలుగున ఒక నిజమైన సహాయగ్రంథము తనంతట తయారగును.

ప్రభుత్వముల కర్తవ్యమును కలదు. బహిరంగ ప్రమాణములను పాటింపవలెనని కేంద్రప్రభుత్వము 2010లోనే విధానము ప్రకటించినది. తెరచిన మూలము గల సాఫ్టువేరును ప్రోత్సహింపవలెనని 2015లో మరియొక విధానము వెలువడినది. విధానములు కాగితముపై చక్కగనే యున్నవి. కార్యాలయము నుండి వచ్చు ప్రతి తెలుగు పత్రమును యూనికోడులో నుండవలెను. ప్రజలు నింపవలసిన పత్రము ఒక కంపెనీ సాఫ్టువేరు కొన్నవానికే తెరచుకొనునట్లు ఉండరాదు. ప్రజాధనముతో జరుగు పనికి ప్రజలు వేరొకరికి కౌలు చెల్లించి ప్రవేశింపవలసిన యగత్యమేమి?

పాత యంత్రము కలవారిని మేము భయపెట్టుట లేదు. భయము వ్యాపారులకు లాభము, దొంగలకు మరింత లాభము. మేము కోరునది భయము కాదు, లెక్క. ఈ వారముననే ప్రతి గృహస్థుడును తన యంత్రముముందు కూర్చుండి నాలుగు సంగతులు విచారించుకొందురు గాక: ఇందు నడచు సాఫ్టువేరు ఏది, దాని గడువెప్పుడు? ముఖ్యమైన ఫైళ్లకు వేరుచోట నకలు కలదా? ఖాతా, పాస్‌వర్డు, తాళపుచెవి నా చేతిలో నున్నవా, మరియొకని చేతిలో నున్నవా? నేను వ్రాసిన తెలుగు పదియేండ్లకు చదువబడునా? ఈ నాల్గింటికి సమాధానము చెప్పగలవాడు, యంత్రము పాతదైనను క్రొత్తదైనను, దానికి యజమాని. చెప్పలేనివాడు ఎంత వెలపెట్టి కొన్నను తన యింట తానే కౌలుదారు.